మిద్దెతోటకు నాటు విత్తనమా, ఎఫ్‌1 హైబ్రిడ్డా? కుండీల్లో విత్తనం కట్టగలమా?

మిద్దెమీదపాదు (హైదరాబాద్):
మా వీధిలో సగం మిద్దెల మీద తోటలే, తొలకరి రాగానే అందరూ షాపుకెళ్లి హైబ్రిడ్ ప్యాకెట్లు తెచ్చుకునేవాళ్లే. సూటిగా చెబుతున్నా, ఇంటి తోటకు ఎఫ్‌1 (రెండు రకాలను కలిపి చేసిన తొలితరం హైబ్రిడ్) అక్కర్లేదు. రైతుకు కాపు ఒకేసారి రావాలి, కాయలు లారీలో నలగకూడదు, అన్నీ ఒకే సైజులో ఉండాలి, అందుకే కొంటాడు. మనకు కావాల్సింది వారానికి రెండు పూటల కూర, అదీ నెలల తరబడి ఆగకుండా రావడం. సొంత విత్తనం ఉంటే మన మిద్దె ఎండకు తట్టుకున్న మొక్కను ఎంచుకుని ఏటా దాని గింజే వేసుకోవచ్చు. నాటు రకాలు ఇప్పటికే చాలా పోయాయి, మిగిలినవి పెరళ్లలోనే బతకాలి. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

పచ్చిమిర్చి (గుంటూరు):
కారణం తెల్లదోమ అన్నా. టమాటాకు ఆకుముడత, బెండకు పల్లాకు తెగులు (ఆకు ఈనెలు పసుపెక్కే వైరస్) రెండూ అదే మోసుకొస్తుంది. మందు కొట్టకూడదని మనమే నియమం పెట్టుకుంటాం, పైగా ఏమాత్రం తట్టుకోలేని నాటు రకం వేస్తాం, నాలుగో ఆకుకే ముడుచుకుపోతే కొత్తగా మొదలుపెట్టినవాళ్లు తోటే మానేస్తారు. బెంగళూరు ఐఐహెచ్‌ఆర్ (ఉద్యాన పరిశోధనా సంస్థ) వాళ్ల అర్క రక్షక్ టమాటా హైబ్రిడ్డే, ఆకుముడత, బాక్టీరియా వడలు తెగులు, ఆకుమాడు మూడింటినీ తట్టుకునేలా చేశారు. ఆరు కుండీలు ఉన్నవాళ్లకు అది వద్దని ఎందుకు చెప్పాలి? ఇంకో మాట, పక్కింటి మిద్దె పది అడుగుల దూరంలో ఉంటే వాళ్ల పూల పుప్పొడి కలవకుండా విత్తనం ఎలా నిలబెడతారు? సర్టిఫైడ్ విత్తనం పండించేవాళ్లు బెండకు వేరే బెండ రకం నుంచి 200 మీటర్ల దూరం పాటిస్తారు.

గింజలడబ్బా (రాజమండ్రి):
ఇద్దరూ రెండే దారులు ఉన్నట్టు మాట్లాడుతున్నారండీ. నాటుకూ ఎఫ్‌1కీ మధ్య మూడోది ఉంది, దాన్నే అందరూ మర్చిపోతారు. పరిశోధనా స్థానాలు విడుదల చేసిన మామూలు రకాలు, అంటే హైబ్రిడ్ కానివి. టమాటాలో అర్క వికాస్, పూసా రూబీ, బెండలో అర్క అనామిక, వంగలో మన భాగ్యమతి, ఇవన్నీ అలాంటివే. వీటి గింజ దాచుకుని మళ్లీ వేస్తే అదే మొక్క వస్తుంది. అర్క అనామికను పల్లాకు తెగులును తట్టుకోవడం కోసమే తయారుచేశారు, ఇప్పుడు కొన్నిచోట్ల ఆ తట్టుకునే గుణం తగ్గింది, అయినా ఏ తట్టుకునే గుణమూ లేని రకం కంటే నయం. ప్యాకెట్ మీద ఎఫ్‌1 అని ఉందో లేదో చూసి కొనండి, సగం గొడవ అక్కడే తీరుతుంది.

హైబ్రిడ్ గింజ మొలకెత్తదనేది ఒట్టి మాట. శుభ్రంగా మొలుస్తుంది. కాకపోతే ఒక కాయలోని గింజల నుంచే ఒక మొక్క పొట్టిగా, ఒకటి తీగలా, ఒకదానికి గుండ్రటి కాయ, ఇంకోదానికి కోల కాయ, ఇలా పొంతన లేకుండా వస్తాయి. తెగులును తట్టుకునే గుణం కూడా అలాగే చెల్లాచెదురవుతుంది.

ఇక దూరం సంగతి, పచ్చిమిర్చి గారు చెప్పిన 200 మీటర్లు బెండకు నిజమే, కానీ అన్ని కూరగాయలకూ ఒకే లెక్క కాదు. టమాటా పువ్వు దాదాపు తన పుప్పొడితో తానే కాయ కట్టుకుంటుంది, సర్టిఫైడ్ విత్తనానికి కూడా 25 మీటర్లే అడుగుతారు. చిక్కుడు, బొబ్బర్లు కూడా ఎక్కువగా తమ పుప్పొడితోనే కాయ కడతాయి. ఈ మూడింటితో మొదలుపెట్టండి. బెండ, మిరప, వంగ పూలకు తేనెటీగలు వస్తాయి కాబట్టి రేపు విచ్చుకోబోయే మొగ్గకు ఈ సాయంత్రమే పల్చటి గుడ్డ సంచి కట్టాలి, పిందె పడ్డాక విప్పి ఆ కాయకు దారం కట్టి గుర్తు పెట్టుకోవాలి. అంతే పని.

మిద్దెమీదపాదు:
మూడో దారి ఒప్పుకుంటున్నానండీ, కానీ అప్పుడు నాటు రకాలు ఎవరు నిలబెట్టాలి? అందరూ అర్క, పూసా అంటూ పోతే మా అమ్మమ్మ ఊరి పందిరి చిక్కుడు ఏమైపోవాలి?

సొరపందిరి (సిద్దిపేట):
తీగజాతుల గురించి ఎవరూ మాట్లాడరేం? సొర, బీర, గుమ్మడికి మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు, విత్తనం కలిసిపోయేది ఇక్కడే. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. విచ్చుకోకముందే ఒక ఆడమొగ్గకు (కింద చిన్న పిందె ఉంటుంది చూడండి), రెండు మగమొగ్గలకు దారం చుట్టండి. చీకటి పడుతుండగా మగపువ్వు రేకలు తుంచి పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెత్తగా రాసి మళ్లీ కట్టేయండి. ఆ ఒక్క కాయ పాదు మీదే ఎండాలి, ఊపితే లోపల గింజలు గలగలమనాలి.

తెలియని పాదు నుంచి తీసిన సొర గింజ వేసినప్పుడు, కోసిన కాయ ముక్క నాలుకకు తాకించి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి కాయ పారేయండి, వండినా ఆ చేదు విషం పోదు. చేదు సొరరసం తాగి ప్రాణం మీదకు తెచ్చుకున్నవాళ్లు మన దేశంలో ఉన్నారు, ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధనా మండలి) కూడా చేదు రసం తాగొద్దని చెప్పింది. ఆ పాదు విత్తనం అసలు ఉంచకూడదు.

చిక్కుడుప్రేమ (డాలస్):
ఇక్కడ నాటు పందిరి చిక్కుడు వేస్తే ఎండాకాలమంతా ఆకులే. పగలు తగ్గితే తప్ప పూయదు, పూసేసరికి మంచు వచ్చేస్తుంది. నాకు పొట్టి చిక్కుడు అర్క జయ్ లాంటిదే పనికొస్తుంది, దానికి పగటి పొడవుతో పని లేదు. నాటు గొప్పదే, కానీ ఏ చోట అనేది కూడా చూడాలి. ఇండియా నుంచి గింజలు సూట్‌కేసులో వేసుకురావద్దు, ఫైటోశానిటరీ (తెగుళ్లు, పురుగులు లేవనే) కాగితాలు అడుగుతారు.

పచ్చిమిర్చి:
సరే, టమాటా, చిక్కుడు దాచుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ మొజాయిక్ (ఆకులు పసుపు, పచ్చ మచ్చలు పడే వైరస్ తెగులు) పట్టిన బొబ్బర్ల మొక్క నుంచి గింజ తీసి నలుగురికీ పంచకండి. ఆ వైరస్ గింజతోనే పోతుంది, మీరు పంచేది తెగులే అవుతుంది. క్యాబేజీ విత్తనం తీస్తానని కూర్చోకండి, దానికి చలి కావాలి, మన మైదానాల్లో పూతే రాదు.

గింజలడబ్బా:
పచ్చిమిర్చి గారి మొజాయిక్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మిద్దెమీదపాదు గారూ, మీ అమ్మమ్మ చిక్కుడుకు హైబ్రిడ్డుతో పోటీయే లేదు, తప్పకుండా నిలబెట్టండి. ఒక్క మొక్క నుంచి కాకుండా నాలుగైదు మంచి మొక్కల నుంచి కాయలు తీసుకోండి, తొలి కాపులోనే కొన్ని వదలండి, చివరి కాపులో మిగిలిన గిడసబారిన కాయలు కాదు. టమాటా గింజను గుజ్జుతోపాటు గ్లాసులో రెండు రోజులు పులియనిచ్చి, మునిగినవే కడిగి, పింగాణీ పళ్లెం మీద నీడలో ఆరబెట్టండి, కాగితం మీద వేస్తే అంటుకుపోతాయి. పంచుకోవడానికి చట్టం అడ్డు రాదు, 2001 నాటి మొక్కల రకాల చట్టం 39వ సెక్షన్ రైతు విత్తనం దాచుకోవడానికి, ఇచ్చిపుచ్చుకోవడానికి హక్కు ఇచ్చింది, రక్షిత (ఆ చట్టం కింద నమోదైన) రకం విత్తనాన్ని బ్రాండ్ పేరుతో అమ్మకూడదంతే.

మిద్దెమీదపాదు:
అయితే ఈసారి చిక్కుడు, అర్క వికాస్ విత్తనానికి, రెండు కుండీల్లో అర్క రక్షక్ కూరకు. బెండ మొగ్గకు సంచి కట్టడం ఎవరైనా ఫోటో తీసి పెట్టండి, మొగ్గ ఏ దశలో ఉండాలో నాకింకా స్పష్టంగా అర్థం కాలేదు.