షాంఘైలో ఉంటున్న తెలుగువాళ్లూ, ఒక్క ఆదివారానికి సాయం కావాలి

అందరికీ నమస్కారం. వచ్చే నెల ఆఫీసు పనిమీద షాంఘై వెళ్తున్నాను. ఖాళీ దొరికేది ఒక్క ఆదివారమే. ఆ రోజంతా ఆర్కిటెక్ట్ లాస్లో హుడెక్ కట్టిన బిల్డింగులు చూడాలని ఎన్నాళ్లుగానో ఆశ.

ఆయన 1893లో ఆస్ట్రియా-హంగరీలో పుట్టాడు. తండ్రి స్లోవాక్, తల్లి హంగేరియన్. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యన్లకు చిక్కి, తప్పించుకుని 1918లో షాంఘై చేరాడు. 1947 దాకా అక్కడే ఉన్నాడు. ఆ మెత్తటి ఒండ్రు నేలమీద 1934కల్లా 22 అంతస్తుల పార్క్ హోటల్ నిలబెట్టాడంటే, సైట్లో రోజూ పునాదులతో కుస్తీపట్టే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

గది తీసుకోకపోయినా ఆ హోటల్ లాబీ చూడనిస్తారా? వూకాంగ్ బిల్డింగ్ ఇస్త్రీపెట్టె మొనలా కూడలిలోకి పొడుచుకొస్తుంది కదా, దానికి ఏ మెట్రో స్టేషన్ దగ్గర? ఫొటోలకు పొద్దున మంచిదా, సాయంత్రమా?

ఇంకో మాట. స్లోవాక్‌లు ఆయన్ని లాడిస్లావ్ అంటారు, హంగరీవాళ్లు లాస్లో అంటారు. ఇద్దరి బిడ్డే కదా! తెలుగులో వ్యాసం రాస్తే ఏ పేరు పెట్టమంటారు? వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.