అవ్వకు అన్నం పెట్టకుంటే ముందు పంచాయితీనా, ఆర్డీఓ దగ్గర అర్జీనా?

చంద్రగిరి చదువరి: ఇల్లు కొడుకు పేరున రాసిచ్చేసిన అవ్వను సరిగా చూడటం లేదని ఇరుగుపొరుగుకు తెలిస్తే ఏం చేయాలి? పెద్దమనుషుల్ని కూర్చోబెడితే చాలంటారు కొందరు, నేరుగా తిరుపతి ఆర్డీఓ దగ్గరికి పోవాలంటారు ఇంకొందరు.

పాకాల రైతు: ముందు పంచాయితీనే. అర్జీ పడిన రాత్రి కూడా ఆ అవ్వ అదే ఇంట్లో, అదే చేతి అన్నం తినాలి. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకు తెచ్చిన 2007 చట్టంలోనే రాజీకి చోటుంది. ఈ అర్జీలు వినే ట్రిబ్యునల్ ఆర్డీఓదే, విచారణకు ముందు రాజీ అధికారికి పంపొచ్చు, ఆయన నెలలో తేల్చాలి.

పడక సేవ: డబ్బు తగాదాకైతే మీ మాట సరే. ఒంటికి హాని జరుగుతుంటే ఒక్కరోజు కూడా ఆగకూడదు. నడుము కింద, మడమల మీద చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి తీసినా తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పడకపుండు మొదలైనట్టే. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే అది లోపలికి పోతుంది. అలాగని పుండు చూడగానే కొడుకుది తప్పని తేల్చేయొద్దు, షుగరున్నోళ్లకు బాగా చూసుకున్నా వస్తుంది. తడిసిన గుడ్డ మార్చారా, నీళ్ల చెంబు చేతికి అందుతోందా, మందుల స్ట్రిప్పులో ఎన్ని మాత్రలు మిగిలాయి, ఇవీ చూడాలి. తిరుపతి రుయా ఆసుపత్రికి తీసుకెళితే పుండు ఎక్కడుందో, ఎంత వెడల్పో కేసు షీట్లో రాయించండి. అర్జీకి ఆ కాగితమే బలం.

ఇంకొకటి, నెల మొదట్లో సచివాలయం వాళ్లు ఇంటికి తెచ్చిచ్చే 4,000 పింఛను ఎవరి చేతికి పోతోందో అవ్వను ఒంటరిగా అడగండి. కోడలు వాకిట్లో నిలబడి ఉంటే "బాగానే చూస్తారు నాయనా" అనే అంటుంది.

చిత్తూరు దస్తావేజులు: 2007 చట్టం ప్రకారం 60 దాటినవాళ్లు స్వయంగా అర్జీ పెట్టుకోవచ్చు, చేతకాకపోతే వాళ్లు ఒప్పుకున్న మనిషి పెట్టొచ్చు. పోషణ ఖర్చు కేసు నోటీసు అందిన 90 రోజుల్లో తేలాలి, తప్పనిసరైతే ఇంకో 30. నెలకు 10,000 దాటి ఇప్పించలేరు.

అసలు చిక్కంతా దానపత్రంలోనే. అదే చట్టం 23వ సెక్షను కింద అది రద్దు కావాలంటే పోషించాలన్న షరతు మీద రాసిచ్చినట్టు తేలాలి. అది చూపలేకపోతే రద్దు కుదరదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మాత్రం, కొడుకు విడిగా రాసిచ్చిన హామీ కాగితాన్నీ లెక్కలోకి తీసుకుని తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది. కాబట్టి రిజిస్ట్రేషనుకు ముందే తిండి, మందులు, ఆ ఇంట్లోనే ఉండే హక్కు, మూడూ దస్తావేజులో రాయించండి. "ప్రేమతో ఇస్తున్నాను" అన్న ఒక్క ముక్కతో సరిపెడితే తర్వాత పట్టు దొరకదు.

పాకాల రైతు: ఒంటి మీద గాయముంటే ఆగకూడదన్న మాట ఒప్పుకుంటా. కానీ ఆర్డరిచ్చాక కొడుకు కట్టకపోతే?

చిత్తూరు దస్తావేజులు: వారంటు వేసి వసూలు చేస్తారు, అప్పటికీ కట్టకపోతే నెల దాకా జైలు. అయితే బాకీ పడిన 3 నెలల్లోపే అడగాలి. పోనీలే అని ఊరుకుంటే ఆ నెల సొమ్ముకు వారంటు పుట్టదు. సలహాకు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయొచ్చు, కొడుతున్నారంటే మాత్రం నేరుగా 112కే.