మాటల్లేని బొమ్మల పుస్తకాలు, అనువాదాలు: చిన్న లైబ్రరీకి ఎలా ఎంచుకోవాలి?

పుస్తకాలగూడు:
అపార్ట్‌మెంట్ లైబ్రరీకి వేరే దేశాల బొమ్మల పుస్తకాలు కొనాలి. పిల్లల వయసు 4 నుంచి 9. తెలుగు, తమిళం, హిందీ మాట్లాడేవాళ్లు కలిసే కూర్చుంటారు. ఆన్‌లైన్‌లో వెతికితే అన్నీ అమెరికా, బ్రిటన్ పుస్తకాలే వస్తున్నాయి. ఎక్కడ వెతకాలి? మాటల్లేని పుస్తకాన్ని పదిమంది చేత ఎలా చదివించాలి?

అట్టముక్క:
అమ్మే సైట్లను కాసేపు పక్కన పెట్టి ముందు జాబితాలు చూడండి. మ్యూనిక్‌లోని అంతర్జాతీయ బాలల గ్రంథాలయం ఏటా ‘వైట్ రేవెన్స్’ పేరుతో అనేక భాషల పుస్తకాలు ఎంపిక చేస్తుంది. ఇబ్బీ (IBBY, బాలల పుస్తకాల అంతర్జాతీయ సంస్థ) రెండేళ్లకోసారి ఇచ్చే ఆనర్ లిస్టు అనే మంచి పుస్తకాల జాబితాలో అనువాదకులకూ విడిగా చోటుంటుంది. మీకు అన్నిటికన్నా పనికొచ్చేది ఇబ్బీవాళ్ల ‘సైలెంట్ బుక్స్’ అనే ఎంపిక. ఇటలీలోని లాంపెడూసా దీవిలో స్థానిక పిల్లలు, వలసొచ్చిన పిల్లలు కలిసి చూసేందుకు 2012లో మొదలుపెట్టారు. అన్నీ మాటల్లేనివే.

కొనేటప్పుడు ఐఎస్‌బీఎన్‌తో, అంటే పుస్తకం వెనక అట్ట మీదుండే 13 అంకెల నంబరుతో, వెతకండి. గట్టి అట్ట, పేపర్‌బ్యాక్, బోర్డ్ బుక్ (పసివాళ్ల కోసం దళసరి అట్టపేజీలతో చేసేది) దేని నంబరు దానిదే. పేరు కొట్టి ఆర్డర్ చేస్తే ఒక్కోసారి అరచేతంత బోర్డ్ బుక్ వస్తుంది, రెండో వరసకే కనబడదు. ఏ భాష, ఏ దేశపు ముద్రణో కూడా ఆ నంబరే చెబుతుంది: మొదట్లో ఉండే 978 తర్వాత 2 ఉంటే ఫ్రెంచ్, 3 జర్మన్, 4 జపాన్, 89 కొరియా, 81 లేదా 93 మన దేశం. లోపల మాటలే లేనప్పుడు ఏ దేశపు ముద్రణ అయితేనేం, చవగ్గా దొరికింది తీసుకోండి.

మాటల్లేనిదంటే పసివాళ్లదనుకోవద్దు. షాన్ టాన్ ‘ది అరైవల్’ వందకు పైగా పేజీల వలస కథ. మీ తొమ్మిదేళ్లవాళ్లకి కూడా కాస్త బరువే.

నిశ్శబ్దకథ:
చదివించడం గురించి. ఒక్క కాపీకి ఎనిమిదిమంది మించితే అంచున కూర్చున్నవాళ్లకి వివరాలు కనబడవు, రెండు జట్లు చేయండి. ముందు అట్ట, అట్ట లోపలి కాగితాలు చూపండి. కథ చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. మొదటిసారి ఏమీ మాట్లాడకుండా చివరిదాకా తిప్పండి. రెండోసారి రెండే ప్రశ్నలు: “ఇక్కడ ఏం జరుగుతోంది?”, “ఏం చూసి అలా అన్నావు?” రెండోది వదిలేస్తే ఊహలు బొమ్మని విడిచి ఎటో పోతాయి. “ఇదేంటి, అదేంటి” అని వేలు పెట్టి అడగడం మొదలైందంటే మాత్రం అది పేర్లు అప్పజెప్పే పాఠమైపోతుంది. పెద్దవాళ్లు ఎక్కువగా చెడగొట్టేది అక్కడే.

ఏ భాషలో చెప్పినా ఒప్పుకోండి. జెన్నీ బేకర్ ‘మిర్రర్’ ఈ గుంపుకి బాగుంటుంది. ఎడమవైపు సిడ్నీ కుటుంబం, కుడివైపు మొరాకో కుటుంబం. రెండోది కుడి నుంచి ఎడమకి తిప్పాలి.

పుస్తకాలగూడు:
థాంక్సండీ. ప్రొజెక్టర్ మీద వేస్తే అందరికీ ఒకేసారి కనబడుతుంది కదా? ఇంగ్లీషు అనువాదాలకి తెలుగు అంటించొచ్చా?

నిశ్శబ్దకథ:
వేయొచ్చు గానీ ఒక్కో పేజీ విడిగా కాదు, రెండు పేజీలూ కలిపి. సూజీ లీ ‘వేవ్’లో మధ్య మడతే పాపకీ సముద్రానికీ హద్దు. పేజీలు విడదీస్తే అసలు సంగతే పోతుంది.

అట్టముక్క:
అంటించకండి. జిగురు మరక పడుతుంది. పైగా వత్తులు, గుణింతాల వల్ల తెలుగు వరసల మధ్య ఎడం ఎక్కువ కావాలి, ఇంగ్లీషుకి వదిలిన చోట పట్టక బొమ్మ మీదకి ఎక్కుతుంది. విడి కాగితం మీద రాసి అట్ట లోపల పెట్టండి. ఈ పుస్తకాల్లో పేజీ నంబర్లు చాలావాటికి ఉండవు కాబట్టి, తెరిచినప్పుడు కనబడే ప్రతి జంట పేజీకీ కింది మూల పెన్సిల్‌తో 1, 2, 3 వేసుకోండి. 32 పేజీల పుస్తకానికి, మొదట్లో పేరు, ప్రచురణ వివరాల పేజీలు పోను, సుమారు 14 వస్తాయి. ఆ తెలుగు పాఠాన్ని ఆన్‌లైన్‌లో పెట్టాలంటే ప్రచురణకర్త అనుమతి ఉండాలి.

అనుమతి గొడవ వద్దనుకుంటే ప్రథమ్ బుక్స్‌వాళ్ల స్టోరీవీవర్ అనే కథల సైటు ఉంది. అక్కడ తెలుగు కథలూ బోలెడు, లైసెన్స్ క్రియేటివ్ కామన్స్, అంటే వాడుకోవడానికి ముందే ఇచ్చేసిన అనుమతి. రచయిత, చిత్రకారుల పేర్లు తీయకుండా అనువదించుకోవచ్చు, ప్రింటు వేసుకోవచ్చు. అనువాదాల నాణ్యత అన్నిటికీ ఒకేలా ఉండదు, ఒకసారి పైకి చదివి చూశాకే ప్రింటుకివ్వండి.