రెండేళ్ల పాపకు లిప్ టై: ఇప్పుడే తీయించాలా, ఆగాలా?

మాది కావలి. పాపకు 26 నెలలు. పై పెదవిని చిగురుకు కలిపే లోపలి మడత మందంగా ఉండి ముందు రెండు పళ్ల మధ్యకు దిగింది. దీన్నే లిప్ టై అంటారు. పెదవి ఎత్తితే అక్కడి చిగురు తెల్లగా పాలిపోతుంది. తిండికీ మాటకూ ఇబ్బంది లేదు. చిక్కంతా తోమడంలోనే. మడత పక్కన మెతుకులు ఇరుక్కుని, పళ్ల మొదట్లో పుచ్చుకు తొలి గుర్తైన సున్నంలాంటి తెల్ల చారలు పడ్డాయి.

ఒళ్లో పడుకోబెట్టి, మడతకు బ్రష్ తగలకుండా వేలు అడ్డంపెట్టి, బియ్యపుగింజంత ఫ్లోరైడ్ పేస్టుతో రెండుపూటలా తోముతున్నాం. రాత్రి పాలసీసా మాన్పించాం, పళ్లకు ఫ్లోరైడ్ వార్నిష్ (పుచ్చు రాకుండా వేసే పూత) వేయించాం. అయినా చారలు తగ్గలేదు.

నెల్లూరులో ఒక డాక్టరు లేజర్‌తో తీసేద్దామన్నారు. ఒంగోలులో ఇంకొకరు శాశ్వత కోరపళ్లు వచ్చేదాకా, అంటే 11-12 ఏళ్ల వరకు ఆగమన్నారు. ముందే కోస్తే మచ్చ గట్టిపడి, ముందు పళ్ల మధ్య ఉండే సందు మూసుకోకపోవచ్చట. సందు సంగతి సరే, దానికైతే ఆగుతాం.

కేవలం పుచ్చు భయంతో ఈ వయసులో మడత తీయించినవాళ్లకు, ఆ తర్వాత తెల్ల చారలు ఆగాయా?