‘జిబిబ్బో’: తాజా పండుకు ఎండుద్రాక్ష పేరా?

ప్రశ్న: మా అన్నయ్య ఇటలీ నుంచి ఒక వైట్ వైన్ సీసా తెచ్చాడు. సిసిలీ ద్వీపానిది. మూత తీయగానే నారింజపూలూ మల్లెపూలూ కలిపి గుమ్మరించినట్టు వాసన. లేబుల్ మీద పెద్దక్షరాలతో ‘జిబిబ్బో’, కింద ‘బయోడైనమిక్’ అని ఉంది. మొదటిది ఊరి పేరా, కంపెనీ పేరా? రెండోదాన్ని తెలుగులో ఏమనాలి?

జవాబు: రెండూ కాదండీ, అది ద్రాక్ష రకం. మస్కట్ ఆఫ్ అలెగ్జాండ్రియా అంటారే, అదే. అరబ్బీలో ‘జబీబ్’ అంటే ఎండుద్రాక్ష. అరబ్బులు 827లో సిసిలీలో దిగారు. 1072లో అక్కడి ముఖ్యనగరం పలెర్మో ఉత్తర ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్ల చేతికి పోయినా ఆ మాట తోటల్లోంచి పోలేదు. మీకు వాసనొచ్చిన నారింజపూలను కూడా అక్కడ ‘జాగరా’ అంటారు. అదీ పువ్వు అనే అర్థమున్న అరబ్బీ ‘జహ్ర్’ నుంచి వచ్చిందే.

సిసిలీకీ ట్యునీసియాకీ మధ్య పాంతెల్లెరియా అనే చిన్న దీవి ఉంది. అక్కడ గాలి హోరుకు తీగను పందిరెక్కించరు. నేలలో గుంట తీసి అందులో పొట్టి పొదలా పెంచుతారు (ఈ పద్ధతిని 2014లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది). కోసిన గుత్తులు మన ఒరుగుల్లాగే ఎండలో పరిచి, ‘పసీతో’ అనే తీపి వైన్ చేస్తారు. ఎండబెట్టడానికే పెంచిన పండు కాబట్టి ‘జిబిబ్బో’ అనే పేరు.

ఇంకొకరు: మనకు మాత్రం ఇలాంటి పేరు లేదా? నూజివీడు చిన్నరసాలు చెట్టుకు వేలాడుతున్నప్పుడూ రసాలే! ఇక హైదరాబాదు ద్రాక్ష అనాబ్-ఎ-షాహీలో ‘అనాబ్’ కూడా అరబ్బీయే, ‘ఇనబ్’ అంటే ద్రాక్ష. అక్కడ ఎండుపండు మాట, ఇక్కడ పచ్చిపండు మాట.

జవాబు: బాగా పట్టారు! బయోడైనమిక్ సంగతి. ‘సేంద్రియం’ అంటే చాలదు. 1924లో ఆస్ట్రియా తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ ఉపన్యాసాలతో మొదలైన పద్ధతి ఇది. ఆవు కొమ్ములో పేడ కూరి శీతాకాలమంతా మట్టిలో పూడ్చి, తీశాక అందులో కొంచెం నీళ్ళలో కలిపి గంటసేపు గిరగిరా తిప్పి చల్లుతారు. ఆ ‘కొమ్ము ఎరువు’ అనే మాట చక్కగా ఉంది, వాడుకోండి. మొత్తం పద్ధతిని ‘జీవచైతన్య సేద్యం’ అన్నారో, యోగా శిబిరం అనుకుంటారు. నా ఓటు ‘బయోడైనమిక్’కే.

మరొకరు: సీసాలోదాన్ని ‘ద్రాక్షసారా’ అనొచ్చా?

జవాబు: వద్దండీ. సారా కాచి దించేది, వైన్ పులిసేది. ఆ లెక్కన కల్లుకే దగ్గర. ‘ద్రాక్షాసవం’ అంటే ఆయుర్వేద దుకాణానికి వెళ్తారు.

ప్రశ్న అడిగినవారు: మా అమ్మ ఒక చుక్క నాలుక మీద వేసుకుని, ‘వాసన మల్లెపూలు, రుచి గోంగూర’ అంది. అంత వాసనకు తీపి ఏదండీ?

జవాబు: మీది పసీతో కాదు, తాజా పండుతో చేసిందై ఉంటుంది. చక్కెరంతా పులిసి ఆల్కహాలైపోయింది, వాసన మిగిలింది. అమ్మగారికి ఈసారి పసీతో తెప్పించండి.