దారాల చట్రంతో గీస్తుంటే తల కదిలి బొమ్మ మారిపోతోంది, ఏం చేయాలి?

ఎదురుగా ఉన్న వస్తువును ఉన్నది ఉన్నట్టు గీయడం నేర్చుకోవాలని మూడు నెలలుగా పట్టుబట్టి కూర్చుంటున్నాను. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ గాజు పలక గుండా చూసి గీసే పద్ధతిని 1525లోనే బొమ్మ వేసి మరీ అచ్చు వేయించాడు, అది చూసి నేనూ చెప్పుల పెట్టె మూతలో 16 సెంటీమీటర్ల చదరం కోసి, 2 సెంటీమీటర్లకొకటి చొప్పున అడ్డంగా, నిలువుగా నల్లదారం కట్టాను. కాగితం మీద కూడా పెన్సిల్‌తో పలచగా అవే గళ్లు.

ఇప్పుడు ఇత్తడి చెంబు గీస్తున్నాను. పొట్ట దాకా బాగానే వస్తోంది, మూతి దగ్గరే చిక్కు. తల ఒక్క అంగుళం కిందికి జారినా మూతి గుండ్రం సన్నబడిపోతోంది, కాగితం మీంచి మళ్లీ తల ఎత్తేసరికి అంచు వేరే గడిలో ఉంటోంది. గడ్డం కింద పుస్తకాలు పేర్చి ఒక కన్ను మూసుకుని చూశాను, కాస్త నయమే కానీ పావుగంటకే మెడ పట్టేస్తోంది.

కన్ను ఒకేచోట నిలిచేలా ఇంట్లో దొరికేవాటితో ఏం చేసుకోవచ్చు? ఇంకో అట్టకు చిన్న రంధ్రం పెట్టి అందులోంచి చూస్తే సరిపోతుందా, దాన్ని చట్రానికి ఎంత దూరంలో నిలబెట్టాలి? గళ్లకు అలవాటుపడితే ఉత్త కంటితో కొలతలు పట్టడం రాదని మా బాబాయి అంటున్నారు, నిజమేనా? నాకు అదే టెన్షన్. చేసి చూసినవాళ్లు చెప్పండి ప్లీజ్, మీ చట్రం ఫొటో పెడితే ఇంకా మేలు.