జరిమానా కొట్టేస్తే తప్పు కూడా పోయినట్టేనా?

కోరమంగల_కేవైసీ
బెంగళూరులో ఒక ప్రైవేటు బ్యాంకు కంప్లయన్స్ ఆఫీసులో పని చేస్తాను. నిన్న కాఫీ దగ్గర మొదలైన వాదన ఇంటికొచ్చినా వదల్లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

విషయం ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ పేపాల్ కేసు. మనీలాండరింగ్ నిరోధక చట్టం కింద నమోదు చేసుకోలేదని, పెద్ద, అనుమానాస్పద లావాదేవీల రిపోర్టులు ఇవ్వలేదని ఎఫ్‌ఐయూ, అంటే కేంద్రం వారి ఆర్థిక నిఘా విభాగం, 2020 డిసెంబరులో 96 లక్షల జరిమానా వేసింది. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2023 జులైలో తీర్పు వచ్చింది: మీరు ఈ చట్టం కిందికి వస్తారు, రిపోర్టులు ఇవ్వాల్సిందే, కానీ జరిమానా రద్దు. మరి ఇన్నాళ్లూ టికెట్ కొని బస్సెక్కిన మేమంతా వెర్రివాళ్లమా?

జయనగర్_వకీలు
జరిమానా ఎందుకు పోయిందో కూడా చెప్పండి సార్. అంతకుముందు వేరే కేసులో రిజర్వు బ్యాంకే ఈ కంపెనీ పేమెంట్ సిస్టమ్ ఆపరేటర్, అంటే చెల్లింపుల వ్యవస్థ నడిపే సంస్థ, కాదంది. అయితేనే ఈ చట్టం కిందికి వచ్చేది. ఒక ప్రభుత్వ సంస్థ కాదని, ఇంకోటి అవునని అంటుంటే, ఈ చట్టం కిందికి మేం రామని కంపెనీ నమ్మడంలో దురుద్దేశం లేదని కోర్టు చూసింది. 1969లో హిందుస్థాన్ స్టీల్ కేసులోనే సుప్రీంకోర్టు తేల్చింది, వేసే అధికారం ఉంది కదా అని జరిమానా వేయకూడదని.

మారతహళ్లి_మావయ్య
వకీలు గారూ, మీకు పనికొచ్చే కేసే చెప్పారు. 2006లో శ్రీరామ్ మ్యూచువల్ ఫండ్ కేసులో అదే సుప్రీంకోర్టు, సివిల్ జరిమానాకు ఉద్దేశంతో పనిలేదంది.

నేను బ్యాంకులో రిటైరైనవాణ్ణి. నెలలో 10 లక్షలు దాటిన నగదు లెక్క వచ్చే నెల 15 లోపు వెళ్లాలి. ఒకసారి 14వ తేదీ రాత్రి చిక్కపేట బ్రాంచిలో కరెంటు పోతే, ఎమర్జెన్సీ లైటు పెట్టుకుని వోచర్లు తిరగేశాం. ఒక పట్టుచీరల వ్యాపారి పాన్ కార్డు జిరాక్సులో మొహం మొత్తం నలుపు, నంబరులో చివరి అక్షరం ఈనో ఎఫ్‌నో తేలదు. ఫోన్ చేస్తే "స్వల్ప అడ్జస్ట్ మాడి సార్" అన్నాడు. అది ఎఫ్ అని నా నమ్మకం అని రాసి పంపితే మేనేజరు ఊరుకునేవాడా? మాకు లేని మినహాయింపు వాళ్లకెందుకు?

జయనగర్_వకీలు
మావయ్యా, అది షేర్ మార్కెట్‌ను చూసే సెబీ చట్టం. ఈ మనీలాండరింగ్ చట్టం సెక్షన్ 13లో నాలుగు మెట్లున్నాయి. రాతపూర్వక హెచ్చరిక, ఫలానాది చేయమని ఆదేశం, గడువుల వారీగా రిపోర్టులు పంపమనడం, చివరిది జరిమానా. అదీ ఒక్కో వైఫల్యానికి 10 వేల నుంచి లక్ష దాకా. కింది మెట్లు చాలవని ఎందుకనుకున్నారో ఆర్డరులో రాయాలి కదా? "ఒక్కో వైఫల్యం" అంటే ఏమిటి? పంపని రిపోర్టుకొకటా, నెలకొకటా? లెక్క మారితే లక్ష కోటవుతుంది.

ఆస్ట్రేలియాలో కామన్వెల్త్ బ్యాంకు 53,506 నగదు రిపోర్టులు ఆలస్యంగా పంపింది. 2018లో 70 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు కట్టింది. ఆ మొత్తం ఖరారైంది ఫెడరల్ కోర్టులో. మన దగ్గర నోటీసు ఇచ్చేదీ, విచారించేదీ, జరిమానా వేసేదీ ఒకే ఆఫీసు. పైన ట్రిబ్యునల్, హైకోర్టు కూడా చూడకపోతే ఇంకెవరు చూస్తారు?

హెచ్‌ఎస్‌ఆర్_అలర్ట్
అనుమానాస్పద లావాదేవీలను పట్టే అలర్టుల సాఫ్ట్‌వేర్ రాసేదాన్ని. ఒక మాట చెప్పి పోతాను. నెదర్లాండ్స్‌లో బంక్ అనే బ్యాంకు, కస్టమర్లను డేటా చూసి అంచనా వేస్తామంటే అక్కడి కేంద్ర బ్యాంకు కుదరదంది. 2022లో కోర్టు ఈ విషయంలో బంక్ వైపే నిలిచింది. అంటే కోర్టు డబ్బు దగ్గరే ఆగలేదు, పద్ధతిలోకీ వెళ్లింది. మాకు కావాల్సింది అదే. ఇక్కడ తనిఖీకి వచ్చేవాళ్లు ఫారంలో గడి నిండిందా అని చూస్తారు, దొంగ దొరికాడా అని కాదు.

కోరమంగల_కేవైసీ
కొంత ఒప్పుకుంటున్నా. 96 లక్షలు ఆ కంపెనీకి టీ ఖర్చు. అసలు పోరాటం చట్టం కిందికి వస్తామా రామా అని. అందులో ఓడిపోయారు. అంటే నేను ఏడుస్తున్నది చిన్న ముక్క మీద.

కానీ ఈ మినహాయింపు ఒక్కసారికే. క్రిప్టో వాళ్లను 2023 మార్చిలో ఈ చట్టంలోకి తెచ్చారు, 2024 జూన్‌లో క్రిప్టో ఎక్స్ఛేంజి బైనాన్స్ మీద 18.82 కోట్లు వేశారు. నోటిఫికేషన్ అంత స్పష్టంగా వచ్చాక ఎవరైనా "మేం రామనుకున్నాం" అంటే కోర్టు వినకూడదు. లెక్క ఎలా కట్టారని అడగమనండి, తగ్గించమనండి. మొత్తం తుడిచేయడం మాత్రం నాకు మింగుడుపడదు. రేపు మా మేనేజ్‌మెంటు కూడా "ముందు లాయర్ ఒపీనియన్ తెప్పించు, రిపోర్టు తర్వాత చూద్దాం" అంటుంది. ఇప్పటికే ఒకసారి అన్నారు కూడా.

మారతహళ్లి_మావయ్య
అదీ మాట. సరే గానీ బాబూ, ఇవాళ 13. నీ రిపోర్టు వెళ్లిందా?

కోరమంగల_కేవైసీ
ఇంకా రెండు బ్రాంచీల లెక్క రాలేదు మావయ్యా. ఒకటి చిక్కపేటే.